ఎనిమిదో ట్యూబు

అల్ ఖువైర్, మస్కట్
6 అక్టోబరు 2024, ఆదివారం

చిన్నమ్మా,

ఐస్ డబ్బా మూత తీయగానే పైన నీలం సంచిలో ఈ కాగితం ఉంటుంది. ముందు ట్యూబుల్ని నీడకు చేర్చు, తర్వాత చదువు. నువ్వు ముందు దీన్నే చదువుతావని నాకు తెలుసు, అయినా చెప్పడం నా డ్యూటీ.

నువ్వు ఈ దేశానికి వచ్చి పదకొండేళ్ళు. నేను వచ్చి ఐదు నెలలు. మన మధ్య కారులో గంటన్నర దారి. ఆ గంటన్నర ఇంత పొడుగని మైదుకూరులో ఉన్నప్పుడు అనుకోలేదు. మీ మేడమ్ నీకు ఫోన్ చేతికిచ్చేది శుక్రవారం మధ్యాహ్నం పావుగంట. అది ఇంటి దగ్గర ఉన్న ముసలి జేజిది. అందులో నేను వాటాకు రాను. అందుకని ఈ డబ్బానే మన తపాలా అనుకో. మా ల్యాబు డ్రైవర్ అనీస్ రెండు వారాలకోసారి ఆదివారం బురైమి వైపు తోటలకు పోతూ మీ గేటు దగ్గర ఖాళీ ట్యూబులు ఇస్తాడు. గురువారం తిరిగొస్తూ నిండినవి తీసుకుంటాడు. పోయేటప్పుడు నా ఉత్తరం, వచ్చేటప్పుడు నీది. మీ తోట మట్టి మాకు అవసరం ఉన్నన్నాళ్ళు ఇది నడుస్తుంది.

ఇక పని. మీ తోటలో ఏడు ఖర్జూరం చెట్లకు ఎర్ర జెండాలు పాతారు కదా, ఒక్కోదానికీ ఒక నంబరు. చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వి, చెంచాడు మట్టి తీసి, ఆ నంబరు ట్యూబులో వెయ్యి. ఒక చెట్టు చెంచా ఇంకో చెట్టుకు వద్దు. ఎనిమిదో ట్యూబు, ఆ దూది పుల్ల అదనం. ఏదైనా పగిలితే ఉంటుందని పెట్టాం.

ఎందుకిదంతా అంటావు. సముద్రం భూమి కిందుగా మీ బావిలోకి వస్తోంది, ఆ ఉప్పుకు చెట్లు ఎండుతున్నాయి. కొన్ని మాత్రం ఎండటం లేదు. వాటి వేళ్ళ దగ్గర కంటికి కనపడని జీవాలేవో కాపలా ఉన్నాయని మా జావెద్ సార్ అనుమానం. చిటికెడు మట్టిలో కోట్ల జీవాలుంటాయి. ఒక్కొక్కదాన్నీ పట్టి పెంచి చూడాలంటే పుట్టెడు ఆయుష్షు కావాలి. అందుకే అన్నిటి డీఎన్ఏనూ ఒకేసారి బయటికి తీసి, ముక్కలు చేసి, ముక్కలన్నీ మిషన్ చేత చదివిస్తాం. జేజినాయన పాత పరుపు విప్పి దూది ఏకేవాడు, గుర్తుందా? విల్లు టంగుమనగానే గడ్డకట్టిన దూది పోగు పోగుగా విడిపోయి మన తలలనిండా వాలేది. మేం చేసేదీ ఆ ఏకుడే. ఆ తర్వాత ఏ పోగు ఏ పరుపులోదో కంప్యూటర్ చెప్పాలి, అంతే తేడా. పోగులన్నీ కలిపి ఒక్కో జీవి పూర్తి జన్యువును అతికిస్తే దాని కులగోత్రాలు, తిండి, చుట్టరికం అన్నీ బయటపడతాయి.

దూదేకులవాళ్ళ పిల్ల దూదే ఏకుతోందని జేజికి చెప్పు. సంతోషిస్తుంది.

నీ చేతి మట్టి కోసం చూసే
షైస్తా

*

అల్ సువైక్
10 అక్టోబరు, గురువారం

షైస్తా పాపా,

ముందు జాబే చదివినా. ట్యూబులు యాడికి పారిపోతాయి?

నా రాత చూసి నవ్వొద్దు. ఏడో తరగతి రాత, మూలకు పడి శానా ఏండ్లయింది. ఈడ నేను తెలుగులో రాసేది మేడమ్ మందుల డబ్బాల మీద మటుకే. ‘పొద్దున’, ‘తిన్నాంక’, ‘గుండెకు’ అని. వాళ్ళ కొడుకులు శుక్రవారం వచ్చినప్పుడు ఆ డబ్బాలు తిప్పి తిప్పి చూసి, ఇదేం భాష ఖతీజా, జిలేబీలు చుట్టినట్లుందే అంటారు.

నువ్వు చెప్పినట్లే మన్ను తీసినా. ఏడు చెంచాలు, ఏడు గుంతలు. అనీస్ డబ్బా ఎత్తుకుంటా, ‘ఏందమ్మా, గింత మన్నుకు గంత పెద్ద బండా? మా ఊర్ల ట్రాక్టరు నింపి ఉత్తగనే ఇస్తరు’ అన్నాడు. ‘ఇది చదువుకునే మన్ను నాయనా’ అంటి. వానికి నవ్వు ఆగలా.

ఇల్లు పెద్దది, మనుషులు ఇద్దరమే. మేడమ్ ముందరి గదిలో టీవీ పెట్టుకుని ఉంటాది. నేను వెనక. సాయంత్రం అసర్ నమాజ్ అయినాంక వంటింటి వెనక సిమెంటు మెట్టు మీద కూర్చుంటా. ఆ మెట్టుకు ఎదురుగా ఉండేదే నీ ఏడో నంబరు. ఏడింట్లో అదే పచ్చగా ఉంటాది, నీకు ఫోటోలో తెలిసిందో లేదో.

నీ రూమ్‌లో ఎవురుండారు? వంట ఎవురు చేస్తారు? ఒక్కదానివే కూర్చుని తింటావా? మన్ను సంగతి నాలుగు పేజీలు రాసినావు, నీ సంగతి ఒక్క ముక్క లేదు.

జాబు మళ్ళీ రాయి. మూడుసార్లు చదివినా.

మీ చిన్నమ్మ ఖతీజా

*

అల్ ఖువైర్
17 నవంబరు, ఆదివారం

చిన్నమ్మా,

నా సంగతి రాయలేదని మూడో ఉత్తరంలోనూ దెప్పావు. సరే, రాస్తున్నా.

రూమ్‌లో నాతో ఒక ఫిలిప్పీన్స్ నర్సు ఉంటుంది. ఆమె డ్యూటీ నా డ్యూటీకి తలకిందులు. ఆరు నెలల్లో ఎదురెదురు పడింది నాలుగుసార్లు. టవల్ తడిగా ఉంటే వచ్చి స్నానం చేసి వెళ్ళిందని అర్థం. కెటిల్ వెచ్చగా ఉంటే ఇప్పుడే వెళ్ళిందని. ఒకసారి నా దుప్పటి మడతపెట్టి ఉంది. ఆ రోజంతా ఎవరో పలకరించినట్టే ఉంది నాకు. వంట నేనే. కుర్చీ ఒకటే ఉంది కాబట్టి ఒక్కదాన్నే తింటా. కింద వీధినిండా కార్లు, కార్లనిండా ఆఫీసులకు పోయేవాళ్ళు, ఒక్కో కారులో ఒక్కో మనిషి. నేను బాల్కనీలోంచి లెక్కపెడతాను. ఇద్దరున్న కారు కనిపిస్తే అది నాకు గెలుపు. ఇదీ నా ఆట.

ఇప్పుడు అసలు కబురు. మీ తోట మొదటి రెండు డబ్బాల మట్టి చదవడం అయింది. ఆరు చెట్ల దగ్గర ఉప్పు మట్టిలో ఉండేవే ఉన్నాయి, కొత్తేం లేదు. ఏడో చెట్టు దగ్గర మాత్రం వేరే ఊరే ఉంది! మిగతా ఆరింటిలో మచ్చుకైనా లేని జాతులు అక్కడ కుప్పలుగా ఉన్నాయి. జావెద్ సార్ కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీదుగా చూసి, ‘యే క్యా హై, షైస్తా?’ అన్నారు. ఆయన కుర్చీలోంచి లేవడం నేను చూడటం అదే మొదలు.

అందుకని ఒక మాట అడగాలి. ఏడో చెట్టుకు ఎవరైనా ప్రత్యేకంగా ఏమైనా వేస్తున్నారా? ఎరువు, మందు, పేడ, ఏదైనా సరే. లేదంటే లేదని రాయి. అది రాతలో ఉండాలి, సార్ అడుగుతారు.

కెటిల్ ఇప్పుడు చల్లగా ఉంది.
షైస్తా

*

అల్ సువైక్
21 నవంబరు

పాపా,

ఏడో చెట్టుకు ఎవురూ ఏమీ వెయ్యరు. అన్నిటికీ బావి నీళ్ళే.

ఈడ చలి మొదలయింది. మేడమ్‌కు మోకాళ్ళు పట్టుకుంటాండాయి, నూనె రాస్తాండా. నువ్వు కుర్చీ ఇంకోటి కొనుక్కో. ప్లాస్టిక్‌ది చాలు. ఎవురూ కూర్చోకపోయినా ఇంట్లో రెండు ఉండాల.

వేరే ఊరు అంటివి, ఆ ఊరు మంచిదా, చెడ్డదా? చెడ్డదయితే డబ్బా నిలిపేస్తారా? ఆ సంగతి దాచకుండా రాయి.

చిన్నమ్మ

*

అల్ ఖువైర్
15 డిసెంబరు, ఆదివారం

చిన్నమ్మా,

మంచి ఊరే! ఎంత మంచిదంటే, మార్చిలో ముగియాల్సిన నా కాంట్రాక్టును ఇంకో రెండేళ్ళు పొడిగించమని సార్ పైకి రాస్తానన్నారు. ఉప్పునీళ్ళలో ఒక చెట్టును పచ్చగా నిలబెట్టే జీవాల గుంపు ఈ తీరంలోనే ఉందంటే చిన్న సంగతి కాదట. నీ మాట కూడా రిపోర్టులో ఎక్కింది: ‘పైనుంచి ఏదీ కలపలేదని తోట మనిషి ధ్రువీకరించారు.’ తోట మనిషివి నువ్వే. పేరు లేదు, ఏమనుకోకు. నా పేరూ ఎక్కడో చివర్లోనే ఉంది.

ఒక్కటే చిక్కు. మిగతా ఆరు చెట్లు. ఎన్నిసార్లు చదివినా వాటిలో ఏమీ లేదు. సార్ నిన్న విసుక్కున్నారు. ‘ఆరు ట్యూబులు దండగ. ఒక్క చెట్టు కోసం బండి ఎందుకు ఆగాలి? ఏడో దాని దగ్గర ఒకేసారి సంచెడు మట్టి తెప్పించి ఆ తోటను ముగించేద్దాం’ అన్నారు. ఇంకో డబ్బా చూద్దాం సార్ అని బతిమాలాను. ఆ ఆరింట్లో కాస్తయినా పచ్చదనం ఉండి ఉంటే ఈ బాధ లేకపోను.

కుర్చీ కొన్నాను. పసుపు రంగుది. దాని మీద ప్రస్తుతం నా బ్యాగు కూర్చుంటోంది.

షైస్తా

*

అల్ సువైక్
19 డిసెంబరు

పాపా,

దిగులుపడొద్దు. ఈసారి ఏడు ట్యూబులూ బాగుంటాయి. చూస్తావుగా.

తోటను మూసెయ్యొద్దని మీ సార్‌కు చెప్పు.

చిన్నమ్మ

*

అల్ ఖువైర్
12 జనవరి 2025, ఆదివారం

రెండు వారాల్లో ఆరు చెట్లు ఏడో చెట్టుగా మారిపోయాయి. అవే జాతులు, అవే పాళ్ళు. సార్‌కి చూపించకముందు నేనే కూర్చుని పూర్తి జన్యువులు అతికించి పోల్చాను. వంశాలతో సహా అన్నీ ఒకటే. కవల పిల్లలు కూడా అంత ఒకటిగా ఉండరు. ఏ మట్టీ అట్లా మారదు.

నువ్వు ఏడు ట్యూబులూ ఒకే గుంతలోంచి నింపావు.

ఎందుకు? ఆరు గుంతలు తవ్వడం కష్టమైతే చెప్పి ఉండొచ్చు. మీ మేడమ్ చూడనప్పుడు గదులు ఊడ్చినట్టు చేశావా? నీకిది మట్టి. నాకు బతుకు. ఇప్పుడు ఇంతకుముందు డబ్బాల మీద కూడా నాకు నమ్మకం లేదు. ఆ అనుమానంతో ఏడో చెట్టు జాబితా మళ్ళీ మొదటినుంచి చూశాను. అందులో సగం పాలను పులియబెట్టే జాతులు, గంజి మీద బతికే జాతులు. ఉప్పు తోటలో వాటికేం పని? సార్ కొత్తదనపు సంబరంలో ఉన్నారు. నేనూ ఉన్నాను. ఇద్దరం అడగాల్సింది అడగలేదు.

నిజం రాయి చిన్నమ్మా. ఆ చెట్టుకు ఏం పోస్తున్నారు?

షైస్తా

*

అల్ సువైక్
16 జనవరి

షైస్తా,

నీ జాబులో మొదట ‘చిన్నమ్మా’ అని లేదు. కాగితం తిప్పి చూసినా, వెనకన్నా ఉందేమోనని. కడాన ఉంది ఒకసారి.

నిజమే రాస్తాండా. ఎవురో పొయ్యలా, నేనే పోసినా. కుడితి.

మన ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు ఎప్పుడన్నా కాలవలో పోసినామా? గంజి, మజ్జిగ, కూరగాయల తొక్కులు అన్నీ తొట్టిలోకి, తొట్టి ఎనుముకు. ఈడికి వచ్చిన మొదట్లో అన్నం నీళ్ళు సింకులో వంపాలంటే నాకు చెయ్యి ఆడేది కాదు. అన్నం కదా. ఒకరోజు పాత పెయింటు బకెట్టు దొరికింది. బియ్యం నీళ్ళు, గంజి, మేడమ్ మిగిల్చిన లబన్ మజ్జిగ అందులో పోసి మూత పెట్టినా. మర్నాటికి మన తొట్టి వాసనే వచ్చింది. ఆ వాసనకు కూర్చుని ఏడ్చినా పాపా. మరి తాగేదానికి ఎనుము యాడుంది? మెట్టుకు ఎదురుగా ఆ చెట్టుంది. దానికి పోసినా. పదకొండేండ్లు, ఒక్కరోజు తప్పలా. దాన్ని నేను ఎనుమనే పిలుస్తా. ‘తాగవే’ అంటా. ‘ఈ పొద్దు పలచగా ఉంది, సర్దుకోవే’ అంటా. నవ్వుతావేమో నవ్వు.

ఈగలు వస్తాయని మేడమ్ రెండుసార్లు వద్దనింది. దొంగగా పోస్తాండా. అందుకే నువ్వు అడిగితే లేదంటి. ఇంకో సంగతి కూడా ఉంది. నిజం చెప్తే ఆ చెట్టు పనికిరాదంటారు, డబ్బా రాదు. మళ్ళ ఆరు చెట్ల వల్ల డబ్బా ఆగిపోతాదని నువ్వు రాసినావు. ఏడోదాని మన్ను మంచిదని నువ్వే అంటివి కదా, అన్నిట్లో మంచిదే నింపితే నీకు మంచి పేరొస్తాది, బండి వస్తానే ఉంటాది అనుకున్నా. ఇంత తెలివి పనికిరాదని ఇప్పుడు తెలిసింది. ఆరు గుంతలు తవ్వడం నాకు కష్టం కాదు. తవ్వినా కూడా. తవ్వి, పూడ్చేసి, ఏడోదాని కాడికి పోయినా.

నాకిది మట్టేనంటివి. ఈ ఇంట్లో నన్ను ఖతీజా అంటారు. చిన్నమ్మా అని నువ్వు రాసేది వచ్చేది ఈ డబ్బాలోనే. అది నాకు మట్టి ఎట్లయితాది?

నువ్వు మీ సార్‌కు ఏం చెప్పాలో చెప్పు. నా మీద పెట్టు. నన్ను ఎవురూ చదువుకున్నదాన్ని అనుకోరు.

ఖతీజా

*

అల్ ఖువైర్
26 జనవరి, ఆదివారం

చిన్నమ్మా, చిన్నమ్మా, చిన్నమ్మా,

మూడుసార్లు రాశాను. పోయినసారిది, దాని వడ్డీ, ఈసారిది.

నీ ఉత్తరం ల్యాబులోనే చదివాను. కుడితి అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి తౌడు కలిపిన దాన్ని నేను. ఎనుము తాగుతూ ముట్టెతో నా గౌను తడిపేది, నువ్వు అరిచేదానివి. రెండు నెలలు ఆ జీవాల పేర్లు చదివాను, పట్టికలు గీశాను, రంగులు వేశాను. ఒక్కసారి కూడా ఆ పేర్లకు వాసన ఉంటుందని తట్టలేదు. జేజికి ఆ ట్యూబు మూత తీసి ముక్కు దగ్గర పెడితే మిషన్ లేకుండానే చెప్పేసి ఉండేది.

సార్‌కి సోమవారం చెప్పేశాను. నీ మీద పెట్టలేదు. ‘వంటింటి నీళ్ళు చేరాయి, చివరి డబ్బాలు చెల్లవు’ అని రాసిచ్చాను. మీ మేడమ్ దాకా పోయేటట్టు ఏమీ లేదు అందులో. సార్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు కన్నా తిట్టు నయం. ఆ పులిసిన నీళ్ళు చెట్టును నిజంగానే కాపాడుతున్నాయేమో చూడాలని ఇక్కడ మా షెడ్డులో కుండీల్లో మొదలుపెడుతున్నారు. బజారు పొట్లంలోని పెరుగు పొడితో. కుడితి అని నేర్పిద్దామని చూశాను, ఆయన నోరు తిరగలేదు. ‘ట్రీట్‌మెంట్ బి’ అని పేరు పెట్టారు. నీ పదకొండేళ్ళు ఇప్పుడు ట్రీట్‌మెంట్ బి. నా రెండేళ్ళ పొడిగింపు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మార్చి తర్వాత ఏమిటో నాకు తెలియదు.

మీ తోట ముగిసింది. ఈ గురువారం అనీస్ వచ్చి జెండాలు పీకి, డబ్బా తీసుకొచ్చేస్తాడు. ఇక ఆ గేటు దగ్గర బండి ఆగడానికి కారణం లేదు.

నాదీ ఒకటి ఉంది చెప్పాల్సింది. తోటల జాబితాలో పదకొండు పేర్లు ఉండేవి. మీది మంచిది కాదు. దగ్గర్లోనే ఇంతకంటే పనికొచ్చేవి రెండున్నాయి. టిక్కు పెట్టమని సార్ నాకిచ్చారు. నేను మీ తోటకు పెట్టాను. ‘నమూనా తీసే మనిషి అందుబాటులో ఉన్నారు’ అని కారణం రాశాను. నువ్వు డబ్బా కోసం అబద్ధం చెప్పావు. ఆ డబ్బాను పుట్టించడానికే నేను అబద్ధం చెప్పాను. మేడమ్‌కు దొంగగా నువ్వూ, సార్‌కు దొంగగా నేనూ.

గదులు ఊడ్చే మాట రాశాను. అది తీసేయడం ఎట్లాగో నాకు తెలియదు. రాసిన కాగితం నీ దగ్గరే ఉంది, చించెయ్యి.

షైస్తా

*

అల్ సువైక్
30 జనవరి, గురువారం

షైస్తా పాపా,

చించలా. దాంట్లోనూ కడాన చిన్నమ్మా అని ఉంది కదా.

అనీస్ జెండాలు పీకుతాంటే మేడమ్ కర్ర పట్టుకుని వెనక్కి వచ్చింది. ఎందుకు పీకుతాండారని అడిగింది. ఇంక దాచేదేముంది, బకెట్టు సంగతి నేనే చెప్పినా. నా పక్క తిరిగి, ‘నా కాళ్ళు పోయినాయి ఖతీజా, ముక్కు పోలేదు’ అనింది. పదకొండేండ్లూ తెలుసంట. మూత గట్టిగా పెట్టమని చెప్పి లోపలికి పోయి టీవీ పెట్టుకునింది. అంతే. ఇన్నేండ్లు నేను దొంగ మాదిరి నడిచింది ఎవురి కండ్లు కప్పేదానికో!

ఎనుము బాగుంది. దానికి ట్రీట్‌మెంటని పేరుపెట్టినారని చెప్పలా. బాధపడుతాది.

నీ డబ్బాలో ఎనిమిదో ట్యూబు ఎప్పుడూ ఖాళీగానే వెనక్కి పంపుతాంటి. ఈసారి ఖాళీగా పంపడం లేదు, నింపినా. ఇది మన్ను కాదు. నేను కూర్చునే మెట్టును ఆ దూది పుల్లతో తుడిచి వేసినా, చేతికి గ్లౌజు వేసుకునే. ఏ గుంతలో ఎవురెవురు ఉండారో నీ మిషన్ చెప్తాదంటివి. మీ సార్‌కు అక్కర లేకపోయినా, యాడన్నా చోటు మిగిలితే పెట్టి చూడు. పదకొండేండ్లు కూర్చున్నా కదా ఆడ. నేను ఉండానా ఆడ? ఊరికే తెలుసుకుందామని.

అనీస్ హారన్ కొడుతాండాడు. ‘అమ్మా, జాబు రాస్తున్నవా, పుస్తకం రాస్తున్నవా?’ అంటాండాడు.

పసుపు కుర్చీ మీద బ్యాగు తీసెయ్యి.

చిన్నమ్మ

*

అల్ ఖువైర్
27 ఫిబ్రవరి, గురువారం

చిన్నమ్మా,

ఈ ఉత్తరానికి డబ్బా లేదు. ఎట్లా వస్తుందో చివర్లో చెప్తాను.

ఎనిమిదో ట్యూబును సార్‌కి చూపించి ఇది దేనికీ పనికిరాని నమూనా అని నిజమే చెప్పాను. ‘చివరి వరసలో చోటుంది, పెట్టుకో’ అన్నారు. నిన్న చదవడం పూర్తయింది.

ఉన్నావు. మనిషి చర్మం మీద బతికే జీవాలు మనిషి కూర్చున్న చోట, చెయ్యి ఆనించిన చోట మిగులుతాయి. అందరి మీదా అవే జాతులు, అయితే పూర్తి జన్యువు చదివితే వంశాలు వేరు. ఎవరివి వాళ్ళవే. నలుగురు కూర్చునే అరుగు మీద నాలుగు రకాల వంశాలు కలగలిసి ఉంటాయి. నీ మెట్టు మీద ఒక్కటే. నాకు నమ్మకం కలగక మూడుసార్లు చూశాను. ఆ పక్కన కాస్త లబన్‌వి, కాస్త బియ్యంవి, కాస్త తోట మట్టివి. మనుషుల్లో మాత్రం ఒక్క మనిషి. ఇంకెవరూ, ఎప్పుడూ, ఒక్క పూట కూడా అక్కడ కూర్చోలేదు.

ఈ మాట నీకు రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. నిజమే రాయాలని మనిద్దరం నేర్చుకున్నాం కదా.

ఉండబట్టలేక మా వంటగట్టును కూడా తుడిచి నీ పక్కనే పెట్టాను. అక్కడ ఇద్దరున్నాం, నేనూ నర్సూ. ఒకరి మొహం ఒకరం ఎరగం, గట్టు మీద మటుకు కలిసిపోయి ఉన్నాం. పసుపు కుర్చీని తుడవలేదు. తుడవక్కర్లేదు.

రేపు శుక్రవారం. ఎల్లుండి రంజాన్ మొదలవుతుందంటున్నారు. ఉపవాసాలు మొదలయ్యేలోపు నీ చేతి అన్నం ఒక ముద్ద తినాలి. పొద్దున బస్సుకు టికెట్ తీసుకున్నాను. రోడ్డు మీద దిగి మీ గేటు దాకా నడుస్తాను. మేడమ్‌ను అడగడానికి నీకు మొహమాటమైతే నేనే అడుగుతాను, నాకు తెలిసిన నాలుగు అరబ్బీ ముక్కలతో. ఆమె కాదంటే ఈ కాగితం గేటు సందులోంచి నీకిచ్చి తిరిగొస్తాను. ఔనంటే ముందు ఇది చదవకు, ముందు నన్ను ఆ మెట్టు మీద కూర్చోబెట్టు.

షైస్తా

*

28 ఫిబ్రవరి, శుక్రవారం

పాపా,

నువ్వు మగ్రిబ్ నమాజ్‌లో ఉన్నప్పుడు ఇది రాసి నీ బ్యాగులో పెడుతాండా. బస్సెక్కినాక చదువు.

వచ్చినావు, తిన్నావు. ఎనుముకు బకెట్టు నువ్వే పోసినావు. ‘తాగవే’ అన్నప్పుడు నీ గొంతు అచ్చం మీ అమ్మ గొంతు. మేడమ్ కిటికీ తెర పక్కకు జరిపి చూస్తానే ఉంది, నువ్వు గమనించలా. నీకోసం ఖర్జూరాల డబ్బా పెట్టమనింది. బ్యాగులో అడుగున ఉంది.

మళ్ళా ఎప్పుడని నేను అడగలా, నువ్వు చెప్పలా. మార్చి తర్వాత నువ్వు యాడుంటావో నీకే తెలియదు.

రోజూ అసర్ అయినాంక ఆ మెట్టును నీళ్ళు పోసి కడుగుతా, దుమ్మని. ఈ పొద్దు కడగలా. నువ్వు కూర్చున్న పక్క రేపు కూడా కడగను.

చిన్నమ్మ